నాచారంలో అందరూ మంచిగున్నరు

నాచారం ప్రయాణికులకు ఇక బస్సు అవసరం లేదని ప్రయాణికుల పరమ సంక్షేమ మండలి శాస్త్రీయంగా నిర్ధారించింది. ఈ శుభవార్త విని అందరికంటే ముందు బెంబేలెత్తింది రాహేలు. ఉప్పల్‌లో ఒక హాస్టల్‌కు పొద్దున టిఫిన్లు వండేది ఆమే. ఉన్న ఒక్క పొద్దుటి బస్సూ పోతే హాస్టల్ లేచే వేళకు ఇడ్లీ ఉండదు. వారం తిరగకుండా ఆ పొయ్యి ముందు ఇంకొకరు నిలబడతారు.

మండలి ఈ సంగతి ఆషామాషీగా తేల్చలేదు. సంక్షేమాన్ని పెంచాలంటే ముందు కొలవాలన్నది దాని సిద్ధాంతం. అందుకని ముఖ్య సలహాదారు నాగచైతన్యగారు స్వయంగా ఏసీ కారులో బస్టాపుకు దయచేశారు. నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్న జనాన్ని, స్థానిక భాష మీద గౌరవంతో, "మంచిగున్నరా?" అని పలకరించారు. ఆ మాట అడిగితే మన దగ్గర ఇంకో జవాబు ఉంటుందా? జ్వరంతో దవాఖానాకు బయలుదేరిన కొమురెల్లి కూడా మంచిగున్న అన్నాడు. రాహేలు ఇంకాస్త మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, దేవుని దయ వల్ల మంచిగున్నమని చెప్పి, సారు ఇంట్లో అందరూ కులాసాయేనా అని కూడా అడిగింది. సారు తృప్తిగా ట్యాబులో నొక్కుకున్నారు.

అదే రోజు హబ్సిగూడలో కోచింగు విద్యార్థులను అడిగారు. వాళ్లు ముందురోజు పరీక్షలో వచ్చిన మార్కులు తలుచుకుని, ఏం బాగు సార్ అని ఏడుపు ముఖాలు పెట్టారు. మెట్రో నెత్తిమీదే నడుస్తున్నా ఇంత దుఃఖంలో ఉన్న ఆ దీనులకు నాచారం బస్సును కేటాయించాలని మండలి తీర్మానించింది. న్యాయమే కదా.

అమలుకు ముందు ప్రజాభిప్రాయ సభ పెట్టారు. కాలనీ పెద్ద కామరాజు శాలువా తెచ్చాడు. నాగచైతన్యగారు మైకు అందుకున్నారు.

"ఇంత సంతృప్తి గల ప్రయాణికులను నా సర్వీసులో చూడలేదు. ఇలాంటి సంక్షేమానికి బస్సు కూడా తోడైతే అది చెడిపోయే ప్రమాదముంది."

చప్పట్లు మోగాయి. ఆఖరున సారు ఆనవాయితీ ప్రకారం మంచిగున్నరా అని అడిగారు. మంచిగున్నమంది సభ.

రాహేలుకు కడుపు మండిపోయింది. లేచి నిలబడింది.

"మంచిగ లేం సార్. గా బస్సు పోతె నా పని పోతది. ఈడున్నోళ్లందరిది గదే కత."

సారు ముఖంలో మొదటిసారి అనుమానం పొడసూపింది. ఆమె చెప్పింది నిజమేనా అని అందరివైపూ చూశారు. ఒక్క తల ఊగినా బస్సు నిలిచేదే.

కామరాజు గబగబా లేచి దండం పెట్టాడు. "ఏమనుకోకున్రి సార్. ఆమెకు ఇంట్ల ఏదో పరేషాన్ ఉన్నట్టుంది. మేమైతే మస్తు మంచిగున్నం."

అవునవునంటూ సభంతా వంత పాడింది. పెద్దమనిషి ముందు కాలనీ పరువు దక్కినందుకు అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుని, శాలువా కప్పి, సారును కారెక్కించారు.

సోమవారం బస్సు హబ్సిగూడకు వెళ్లిపోయింది. నాచారం జనం చెమటలు కక్కుతూ ఉప్పల్ దాకా నడిచారు. కామరాజు బూటు కరిచి కుంటుతున్నాడు. ప్రతి ఒక్కరికీ ఒళ్లు మండుతోంది. అందుకే, పెద్దమనిషి ముందు పరువు తీయబోయిన రాహేలుతో దారి పొడవునా ఒక్కరూ మాట్లాడలేదు.