మూత పాట

పాటల మాస్టారి ఇంట్లో అన్ని గిన్నెలకూ మూతలున్నాయి, ఒక్క పాలగిన్నెకు తప్ప. దాని మూత ముందుగదిలో ఉద్యోగం చేస్తోంది. అది వంటింట్లోంచి వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ ఇల్లాలు పాల మీద పళ్ళెం బోర్లిస్తోంది. రోజుకోసారైనా ఆ సంగతి గుర్తు చేస్తోంది.

"మూత ఇచ్చేస్తే మీ పాటేమైనా ఒలికిపోతుందా?"

"ఒలకదు. పొంగుతుంది," అనేవారు మాస్టారు.

"పొంగితే నన్ను పిలవకండి. పొయ్యి తుడిచే ఓపిక నాకు లేదు."

మూత చేసే ఉద్యోగం ఇది. సాయంత్రం పిల్లలు వచ్చి చాప మీద కూర్చుంటారు. మాస్టారి దగ్గర పాట నేర్చుకోవడమంటే మెట్లెక్కడమే. మొదటి మెట్టు వినడం. నోరూ కళ్ళూ మూసుకుని, విసుగు పుట్టి, ఆ విసుగు కూడా పోయేదాకా వినాలి. తర్వాత పెదాలు విప్పకుండా కూనిరాగం తీయాలి. ఆ తర్వాతే గొంతెత్తాలి. పాడటం వచ్చాక, స్వరం ఎక్కడ పైకి వెళ్ళిందో ఎక్కడ దిగిందో గాలిలో వేలితో గీసి చూపించాలి. ఇన్ని అయ్యాక గానీ ఆఖరి మెట్టు రాదు. దాని పేరు మూత పాట.

పిల్లలు పాడుతూ ఉండగా మాస్టారు గిన్నె మూతను బల్ల మీద బోర్లిస్తారు. అందరూ గొంతు ఆపేయాలి, పాట మాత్రం ఆపకూడదు. ఎవరికి వారు లోపల పాడుకుంటూనే ఉండాలి. మూత ఎత్తగానే, పాట అప్పటికి ఎక్కడిదాకా నడిచి ఉంటుందో అక్కడ అందరూ కలిసి అందుకోవాలి. కొత్త పిల్లలు తలో వీధిలో తేలేవాళ్ళు. పాతవాళ్ళు ఒకే గుమ్మంలో దిగేవాళ్ళు. అలా దిగిన రోజున మాస్టారు అన్నం కూడా కాస్త ఎక్కువ తినేవారు.

సంతానం లేని ఇల్లది. రోజంతా గుమ్మంలో రెండే జతల చెప్పులుండేవి. సాయంత్రం ఒక్క గంటసేపు చిన్న చిన్న చెప్పులు గుట్టగా పడి కాలు పెట్టే చోటుండేది కాదు. ఆ గంట కోసమే మాస్టారు మిగతా గంటల్ని భరించేవారు.

పిల్లల్లో ఒకమ్మాయి పేరు సైరన్. మందుల షాపావిడ కూతురు. తోటి పిల్లలు పెట్టిన పేరే గానీ మాస్టారు కూడా కాదనలేకపోయారు, ఆ గొంతు అంత పైన ఉండేది. ఒక సాయంత్రం ఆ పిల్ల పాడుతూ పాడుతూ పై స్వరానికి వెళ్ళింది. మెడ నరం ఉబ్బింది, కనుబొమలు లేచాయి, నోరు తెరుచుకుంది. మాస్టారికి మాత్రం ఏమీ వినపడలేదు.

"పైకెళ్ళేసరికి ఊరికే నోరు తెరుస్తావేంటే? పాడు," అన్నారు.

సైరన్ మళ్ళీ పాడింది. మళ్ళీ అంతే. చాప మీద పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇంట్లో చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు మాస్టారు. పోయేటప్పుడు పై స్వరాలే ముందు పోతాయని, తర్వాత మిగతావి వెనకాలే వెళ్తాయని, పోయినవి తిరిగి రావని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చి చూడమన్నాడు. అది పెట్టుకుంటే మాటలు బాగానే వినపడ్డాయి. పాట మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుంది. మాస్టారు దాన్ని డాక్టరు బల్ల మీదే పెట్టేసి వచ్చారు.

తెలిస్తే పిల్లల్ని మాన్పించేస్తారు. వినపడని మాస్టారి దగ్గరికి వినడం నేర్చుకోమని ఎవరు పంపుతారు? చాప చుట్ట చుట్టి మూలన పెట్టాలి. అందుకని రెండు ఉపాయాలు పన్నారు, ఒకటి ఇంట్లోకి, ఒకటి ముందుగదిలోకి.

ఇంట్లో ఉపాయం చాలా సులువు. ఇల్లాలిది బొంగురు గొంతు. పెళ్ళయిన కొత్తలో ఏదో కూనిరాగం తీస్తుంటే, "నువ్వు మాత్రం పాడకే, హార్మోనియం శ్రుతి కూడా పోతుంది," అన్నారాయన. ఆవిడ మళ్ళీ ఆయన వింటుండగా పాడలేదు. ఇప్పుడు ఆ గొంతు వంటింట్లోంచి వస్తే మోత చెవిదాకా వచ్చేది గానీ, మాటలు దారిలోనే ఎక్కడో దిగిపోయేవి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి సర్దుకునేవారు. గోడ అవతలి నుంచి వస్తే దేనికైనా ఒకటే జవాబు.

"నీ ఇష్టం."

దేనికి ఒప్పుకున్నారో ఆయనకు వారం తర్వాత తెలిసేది. ఒక వారం ముందుగది ఆకుపచ్చగా మారింది. ఇంకో వారం వీధి గుమ్మంలో బావమరిది పెట్టెతో సహా దిగాడు.

బావమరిదిది బస్టాండులో బస్సుల పేర్లు అరిచే ఉద్యోగం. సెలవు పెట్టినా గొంతుకు సెలవు లేదు. మంచినీళ్ళు అడిగినా బస్సు కదిలిపోతోందేమో అనిపించేది. మాస్టారికి బొత్తిగా గిట్టని మనిషి. ఇంట్లో ఆయనకు ప్రతి ముక్కా అర్థమయ్యే మనిషి కూడా అతనొక్కడే అయ్యాడు.

"రాత్రి మావాడి గురకకు నిద్ర పట్టిందా?" అని పొద్దున్న ఎదురుగా నిలబడి అడిగింది ఇల్లాలు.

"హాయిగా పట్టింది."

కీచుమని ఈలలా సాగే ఆ గురక విని, ఫ్యాను బాగు చేయించుకోమని పక్కింటివాళ్ళు అప్పుడే వచ్చి చెప్పి వెళ్ళారు. ఇల్లాలు ఆయన మొహంలోకి కాసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఏమీ అనకపోవడం ఆవిడకు అలవాటు లేని పని. మాస్టారు అది గమనించలేదు.

డాక్టరు కాదన్నా ఆశ చావదు కదా. మాస్టారు మందుల షాపుకు వెళ్ళి చెవిలో వేసుకునే చుక్కల మందు అడిగారు.

"ఎవరికండీ?" అంది సైరన్ తల్లి.

"మా బావమరిదికి. పాపం, రెండు చెవులూ పోయాయి."

వినపడనివాళ్ళు గట్టిగా మాట్లాడతారని ఆవిడకు తెలుసు. ఇతనికంటే గట్టిగా మాట్లాడే మనిషిని వీధి ఎన్నడూ చూడలేదు. నాలుగు రోజులు తిరక్కుండానే బావమరిది దిగాలుగా వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, ఈ వీధిలో అందరూ నా మీద అరుస్తున్నారేంటి? మందుల షాపావిడయితే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది."

"నీ మంచితనం చూసి అయ్యుంటుందిలే," అన్నారు మాస్టారు.

ముందుగదిలో ఉపాయం ఇంకా గొప్పది. ఒకరు పాడితే మిగతావాళ్ళు విని, బాగుంటే చెయ్యి పైకెత్తాలి, జారితే కిందికి దించాలి. మాస్టారు పాట వినక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. చెప్పొద్దూ, ఉపాయం అమోఘంగా పారింది. తప్పు పట్టుకునే అధికారం చేతికొచ్చేసరికి పిల్లలు చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టారు. మాస్టారికి చెవులున్నప్పుడు రాని శ్రద్ధ అది. బాగా వినేవాళ్ళకు అన్నీ వినపడతాయన్న మాట మాత్రం ఆయన మరిచిపోయారు.

అప్పటికి ఆ పిల్ల పాటలో ఏ స్వరమూ మాస్టారి చెవిదాకా రావడం లేదు. ఒక రోజు సైరన్ లేచి నిలబడి ఉత్త నోరు కదిపింది. గొంతు విప్పలేదు. పాట మొదలు నుంచి చివరిదాకా గదిలో గాలి తప్ప ఏమీ లేదు. ఆ సంగతి మాస్టారికి తప్ప అందరికీ తెలుసు. పిల్లలు ఒక్కొక్కరే చేతులెత్తారు.

"భేష్," అన్నారు మాస్టారు. "మధ్యలో ఒకచోట కొంచెం జారింది, అంతే."

నవ్వుదామనే చేశారు పిల్లలు ఆ పని. ఒక్కరికీ నవ్వు రాలేదు. ఎత్తిన చేతులు దించడం కూడా మరిచిపోయారు. సైరన్ గౌను అంచు నలుపుకుంటూ కూర్చుంది. ఆ రోజు పిల్లలు వెళ్ళేటప్పుడు చెప్పుల చప్పుడు కూడా చేయలేదు. అయితే చప్పుడు చేయలేదని మాస్టారికి ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత వారంలో అద్భుతం జరిగింది. సైరన్ పాడుతుంటే మాస్టారికి వినపడింది. మొదట నమ్మలేదు. రెండోసారి పాడించుకున్నారు. స్పష్టంగా, చివరిదాకా వినపడింది. మాస్టారు మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడి ఏడ్చారు. చుక్కల మందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే 'నీ ఇష్టం' మానేశారు.

"ఈ ఆకుపచ్చ గోడ ఎవరి ఘనకార్యం?"

"మీదే," అంది ఇల్లాలు.

"మీ తమ్ముడెప్పుడు వెళ్తాడు?"

"మీరు పొమ్మన్నప్పుడు. రమ్మన్నదీ మీరే."

మాస్టారికి కోపం రాలేదు. సైరన్ గొంతు ఈ మధ్య గంభీరంగా మారి ఎంత బాగుందో అన్నారు. ఇల్లాలు అటు తిరిగి పాల మీద పళ్ళెం సర్దుతూ చాలాసేపు నిలబడింది.

ఆ సంబరం పదిరోజులు కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం మందుల షాపావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సైరన్ మెడకు గుడ్డ చుట్టి ఉంది.

"మాస్టారూ, దీనిచేత అంత కింద ఎందుకు పాడిస్తున్నారు? ఇంట్లో కూడా అదే సాధన. గొంతు గీరుకుపోయింది. కొన్నాళ్ళు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు."

ఆవిడ ఎదురుగానే నిలబడి మాట్లాడింది కాబట్టి మాస్టారికి ప్రతి మాటా అర్థమైంది.

"నేనెప్పుడు కింద పాడమన్నానమ్మా?"

సైరన్ వంటింటి గుమ్మం వైపు చూసింది. ఇల్లాలు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఆయనకు పెదాలు కనిపించేలా ఎదురుగా నిలబడింది.

"నేను చెప్పాను. అది పాడకపోయినా మీరు బాగుందన్న రోజున పిల్లలంతా పెరటి వైపు నుంచి వంటింట్లోకి వచ్చారు. ఇది వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారికి మేం వినపడటం లేదని చెప్పింది."

"అప్పుడు తెలిసిందా నీకు?"

"గోడకు రంగు వేయిద్దామా అని అడిగిన రోజునే తెలిసింది. జన్మలో ఎప్పుడైనా 'నీ ఇష్టం' అన్న మనిషా మీరు? గురకతో రూఢి అయింది."

"మరి చెప్పలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. ఈలోగా పిల్లల్ని మీకు వినపడేంత కిందికి దించుదామనుకున్నాను. అందరికీ నేనే శ్రుతి ఇచ్చాను."

"నువ్వా? శ్రుతా?"

"ఈ ఇంట్లో నాకన్నా కింద ఎవరున్నారండీ?"

మందుల షాపావిడ అందరి మొహాలూ చూసింది. "అయితే ఆ చుక్కల మందు..."

"నాక్కాదన్నమాట," అని లోపలి గదిలోంచి బావమరిది కేక వినపడింది. అది మాస్టారికి కూడా వినపడింది.

ఇంకో రోజయితే ఎవరో ఒకరు నవ్వేవాళ్ళే. మాస్టారు చాప మీద పిల్లలు కూర్చునే చోట కూలబడ్డారు. ముందు సిగ్గేసింది. సిగ్గు వెనకాలే దుఃఖం ముంచుకొచ్చింది. చెవులు బాగుపడలేదు, ఇక బాగుపడవు. తనకు వినపడటానికి ఆ పసిది గొంతు పాడుచేసుకుంది.

"నాకు వినపడదమ్మా," అన్నారు ఆవిడతో. "మీ పాప అసలు గొంతు విని చాలా కాలమైంది. చెప్పకుండా దాచాను."

ఆవిడ కోపగించుకోలేదు. కోపమే నయమనిపించేలా మెల్లిగా అడిగింది. "మరి ఎలా నేర్పుతారు మాస్టారూ?"

సైరన్ నోరు విప్పకూడదు. అది లేచి వెళ్ళి, బల్ల మీదున్న పాలగిన్నె మూత తీసుకుని బోర్లించింది.

మాస్టారు తలెత్తి చూశారు. పిల్ల కళ్ళు మూసుకుని గాలిలో వేలు ఆడిస్తోంది. పైకి, కిందికి, కొంచెం ఆగి మళ్ళీ పైకి. ఏ పాటో ఆయనకు వెంటనే తెలిసింది. కాసేపటికి వేలు కూడా ఆగిపోయింది. మాస్టారు కళ్ళు మూసుకోలేదు గానీ పాట లోపల నడుస్తూనే ఉంది. దానికి ఏ చెవులూ అక్కర్లేదు. పిల్ల మూత ఎత్తింది. పాట ఎక్కడిదాకా వెళ్ళి ఉంటుందో అక్కడ ఆయన గొంతు అందుకుంది.

ఒక చరణం పాడి ఆపారు. సైరన్ చెయ్యి పైకెత్తింది.

"నిజంగానా?" అన్నారు మాస్టారు. "నేను నిన్ను మెచ్చుకున్నట్టు మెచ్చుకోకు."

సైరన్ తన తల్లి వైపు చూసింది, ఇల్లాలి వైపు చూసింది. తర్వాత ఎత్తిన చేతిని కొంచెం, కొంచెమే, కిందికి దించింది. ఒకచోట జారింది, అంతే.

మందుల షాపావిడ కళ్ళు ఒత్తుకుంది. ఇప్పుడు నేర్చుకుంటున్న పాటలన్నీ అయ్యేదాకా పంపుతానంది. ఆ తర్వాత మాత్రం పై స్వరాలు వినపడే ఇంకో మాస్టారిని వెతుక్కోవాలంది. అందులో తప్పేముంది?

"నేనే చూసిపెడతాను," అన్నారు మాస్టారు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కూడదీసుకున్నారో ఇల్లాలికి తెలుసు.

గొంతు బాగుపడి సైరన్ తిరిగి వచ్చిన సాయంత్రం, మాస్టారు పిల్లలందరి ముందూ గట్టిగా చెప్పారు. ఎవరి స్వరంలో వాళ్ళు పాడాలి. తన కోసం ఒక్క మెట్టు కూడా దిగకూడదు. పిల్లలు ఒప్పుకోలేదు, ఆయన వినలేదు. చివరికి సైరన్ లేచి తన చోటికి, ఆ పై ఎత్తుకు వెళ్ళిపోయింది. మాస్టారు మెడ నరాన్ని చూశారు, లేచిన కనుబొమల్ని చూశారు, పైకి లేస్తున్న చేతుల్ని చూశారు. గది నిండా పాట ఉండి ఉంటుంది. ఆయన దాకా ఏమీ రాలేదు.

అప్పుడు వెనక నుంచి ఏదో వినపడింది. సన్నగా కాదు, మొద్దుగా, కింద ఎక్కడో నేలనంటుకుని ఒక కూనిరాగం. పాట అదే. మాస్టారు వెనక్కి తిరిగారు. ఇల్లాలు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆయన చూడగానే నోరు మూసేసింది.

"శ్రుతి తప్పుతోంది," అన్నారాయన.

"తెలుసు. ఆపేయనా?"

ఆయన 'నీ ఇష్టం' అనబోయారు. నోటిదాకా వచ్చింది.

"ఆపకు," అన్నారు.