మూడింటి దాకా చప్పుడు చేయొద్దు

శనివారం పొద్దున ఎబర్‌హార్ట్ రొట్టె మీద వెన్న రాస్తూ, "మధ్యాహ్నంలోపు బండి పైకప్పు పని అయిపోతుంది, రోజీ. సోమవారం సాయంత్రానికి నువ్వు సముద్రంలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటావు" అన్నాడు. రోస్‌విథా కాఫీ తాగుతూ తల ఊపింది. నమ్మి కాదు, ఊపకపోతే అదే మాట మళ్లీ చెబుతాడని.

ఆమె పుట్టి పెరిగింది బాల్టిక్ సముద్ర తీరంలో. పెళ్లయి ఈ కొండల మధ్య ఊరికి వచ్చాక సముద్రం చూడటమే గగనమైపోయింది. మొగుడు మున్సిపాలిటీ ఆఫీసులో రిటైరవగానే, నిన్ను తీరమంతా తిప్పుతానని మోటార్‌హోమ్ కొన్నాడు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్నాయి దాంట్లో. కదలడమొక్కటే లేదు. ఒక వేసవి బ్రేకులు చూడాలన్నాడు, ఇంకో వేసవి గ్యాస్ గొట్టమన్నాడు. ఈ వేసవి పైకప్పు కిటికీ దగ్గర నీళ్లు కారి, మంచానికి సరిగ్గా పైన గోధుమరంగు మరక పడింది. ఆమె కొనుక్కున్న ఈత దుస్తులకు ధర చీటీ కూడా ఇంకా ఊడలేదు.

ఎబర్‌హార్ట్ మరక మీద బొటనవేలితో నొక్కాడు. కాఫీలో ముంచిన రస్కులోకి దిగినట్టు వేలు లోపలికి దిగింది. కిటికీ ఊడదీస్తే చుట్టూ చెక్క కుళ్లి ఉంది. ఆ చెక్క తీస్తే పక్క చెక్కా కుళ్లి ఉంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, చూస్తూ ఉండగానే కప్పులో మనిషి దూరేంత కంత పడింది. మంచం మీద పడుకుంటే ఆకాశం హాయిగా కనిపిస్తోంది. నల్లటి మబ్బులూ కనిపిస్తున్నాయి.

కంతకు వేయాల్సిన కొత్త చెక్కను సగం కోశాడో లేదో, చర్చి గంట ఒకటి కొట్టింది. కరెంటు రంపం ఆగిపోయింది.

"ఏమైంది, కరెంటు పోయిందా?" అంది రోస్‌విథా.

"ఒంటిగంటైంది."

ఆ వీధిలో ఒంటిగంట నుంచి మూడింటి దాకా విశ్రాంతి వేళ. యంత్రాలు మోగకూడదు. నియమం మున్సిపాలిటీది, కాపలా మాత్రం ఎబర్‌హార్ట్‌ది. రిటైరైనా ఆ ఒక్క ఉద్యోగం వదల్లేదు మహానుభావుడు. కిందటేడు పక్కింటి కోల్బె మధ్యాహ్నం గడ్డి కోసే యంత్రం నడిపితే, కంచె మీదుగా వీడియో తీసి మరీ ఆఫీసుకు పంపాడు. పాపం, కోల్బె దంపతులకు మోటార్‌హోమ్ లేదు. అందుకని ఏటా పాత కారులోనే సముద్రానికి వెళ్లి వస్తుంటారు. ఈ ఏటి ప్రయాణం రేపే.

"ఇంకో జానెడు కోస్తే అయిపోతుంది కదా! మబ్బు చూడు."

"వాన మూడు దాటాకే వస్తుందిలే."

"ఏం, దానికీ నోటీసు పంపావా?"

ఇంతలో కోల్బె చేతిలో ఫోనుతో కంచె దగ్గరికి వచ్చాడు. "రంపం ఆపకండి ఎబర్‌హార్ట్ గారూ! అరగంటలో కుండపోతట. మాకేం ఇబ్బంది లేదు, కానివ్వండి!"

ఎబర్‌హార్ట్ గొంతు తగ్గించాడు. "చూశావా ఫోను? నేను రంపం పట్టగానే వీడియో తీస్తాడు."

"ఆయన వాన ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాడు!"

"నాకు తెలీదా? నేనూ సరిగ్గా అలాగే పట్టుకున్నాను." కంచె వైపు తిరిగి, "మీ దయ, కోల్బె గారూ. మూడింటికి మొదలెడతాను" అన్నాడు.

మేకు కొడితే చప్పుడని, కంత మీద టార్పాలిన్ పట్టా పరిచి తాళ్లతో కట్టాడు. వాన రానే వచ్చింది. పట్టా కడుపు బానలా ఉబ్బింది. ఎబర్‌హార్ట్ మంచమెక్కి చీపురు కర్రతో దాన్ని కింద నుంచి పొడిచాడు. తాళ్లు ఊడి, నీళ్లూ పట్టా అన్నీ కలిసి అతని నెత్తిన పడ్డాయి. పరుపు మునిగింది. నేల మీద నీళ్లు పారాయి. రోస్‌విథా గిన్నెలతో తోడి పోస్తుంటే, కోల్బె నీళ్లు పీల్చే యంత్రాన్ని ఈడ్చుకుంటూ తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

ఎబర్‌హార్ట్ గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. "అది చప్పుడు చేస్తుందా?"

"చేయకుండా ఎలా పీలుస్తుందండీ?"

"అయితే మూడింటికి తీసుకురండి."

కోల్బె రోస్‌విథా వైపు చూశాడు. ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

నీళ్లు తీగల్లోకి దిగాయి. బండి సైరన్ ఊళ్లో ఎవరో చచ్చినట్టు ఏడుపు లంకించుకుంది. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. "ఎవరయ్యా అది? విశ్రాంతి వేళని తెలీదా?" అని ఎవరో అరిచారు. ఎబర్‌హార్ట్ దొంగలా తల వంచుకుని బండిలోకి దూరాడు. సైరన్ ఆపాలంటే సీటు కింద బ్యాటరీ తీగ పీకాలి. దాని మూతకు బోలెడు స్క్రూలు. రోస్‌విథా కరెంటు స్క్రూడ్రైవర్ అందించింది.

"వద్దు, అది మోగుతుంది!" అని సైరన్‌ను మించి అరిచి, ఎబర్‌హార్ట్ చేత్తో ఒక్కో స్క్రూ తిప్పడం మొదలెట్టాడు.

రోస్‌విథా గిన్నె కింద పెట్టేసింది. ఆమెకు కోపం ముంచుకొచ్చింది, అతని మీద కంటే పొద్దున తల ఊపిన తన మీద. ఈ మనిషికి వీధి నిద్ర ముఖ్యం, నియమం ముఖ్యం. తను ఏ వేసవిలోనూ ఏ గంటకూ ముఖ్యం కాదు.

ఆఖరి స్క్రూ ఊడింది, తీగ పీకాడు. సైరన్ ఆగింది. చర్చి గంట మూడు కొట్టింది.

"చూశావా, నా చేత్తో ఒక్క నియమం తప్పలేదు!" అన్నాడు ఎబర్‌హార్ట్ నిలువెల్లా నీళ్లు కారుతూ. వెంటనే రంపం అందుకుని మోగించాడు.

"నేను సముద్రానికి వెళ్తున్నాను" అంది రోస్‌విథా. అతను తల ఎత్తలేదు. ఆమె పెట్టె సర్దుకుని, ఈత దుస్తుల చీటీ పుటుక్కున తెంపి, కోల్బె ఇంటి గంట కొట్టింది.

"రేపు సముద్రానికి వెళ్తున్నారుగా, మీ కారులో నాకు చోటుందా?"

"ఉందండీ. కానీ ఆయనకు చెప్పారా?"

"చెప్పాను. రంపం మోతలో వినబడలేదు."

మంగళవారం మధ్యాహ్నం ఆమె బాల్టిక్ ఒడ్డున నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. వెనక ఇసుకలో ఫోను మోగింది. కోల్బె భార్య తొంగి చూసి, "మీ ఆయనే. ఎత్తరా?" అంది.

"టైమెంత?"

"ఒంటిగంటన్నర."

"విశ్రాంతి వేళ కదండీ. మూడింటి దాకా చప్పుడు చేయకూడదు" అని రోస్‌విథా ఫోను గొంతు నొక్కేసింది.

మూడు దాటింది, చీకటీ పడింది, ఆమె దాన్ని మళ్లీ మోగనివ్వలేదు.