తుపాకీ, దాని అనుబంధ పరికరాలు

పౌరుడి ప్రాణం వెలకట్టలేనిది. అందుకే ఏ కార్యాలయమూ దానికి నంబరు వెయ్యలేదు, రసీదు ఇవ్వలేదు. వెల ఉన్న వస్తువులకు మాత్రం రెండూ దొరుకుతాయి. ఈ కిటుకు తాళాల కొట్టాయనకు జుట్టు నెరిశాక గానీ బోధపడలేదు.

అంతకుముందు ఆయనకున్నవి ఇవి: సందు మొదట్లో ఒక కొట్టు, దాని వెనకే ఇల్లు, ఇంట్లో కుట్టుమిషన్ మీద నలుగురి బట్టలూ కుట్టే భార్య, ఎదుటివాడి భయాన్ని బట్టి తాళం సైజు చెప్పగల అనుభవం. భయాన్ని కొట్లో అమ్మడమే గానీ ఇంటికి తెచ్చుకునే అలవాటు లేదు. ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే ఎవరో పెరటి తలుపు తోసి చూసి పోయారు. అంతే, ఆమెకు కునుకు కరువైంది.

"ఊరందరికీ తాళాలమ్ముతారు. నేను మాత్రం ఒక కన్ను తెరుచుకుని పడుకోవాలి," అంది. "ఇదే వరసైతే మా అన్నయ్య ఇంటికి పోయి పడుకుంటాను. తిరిగి రావడం సంగతి నిద్ర తీరాక ఆలోచిస్తాను."

ఆయన పోలీసు స్టేషన్‌కు పరిగెత్తాడు. వాడు లోపలికి వచ్చాడా అని అడిగారు. రాలేదన్నాడు. అయితే వచ్చాక రమ్మన్నారు. (దీన్ని నిర్లక్ష్యం అనుకోకూడదు. జరగని నేరానికి కాగితం వృథా చెయ్యవద్దని పొదుపు ఉత్తర్వులున్నాయి.) ప్రతి తలుపుకూ ఒక మనిషిని పెట్టడం అయ్యే పని కాదని, అంత భయమైతే తుపాకీకి దరఖాస్తు పెట్టుకోమని సలహా కూడా ఉచితంగా ఇచ్చారు.

వ్యక్తిగత ఆయుధాల విభాగం అధికారి ప్రాణభయానికి రుజువు అడిగాడు. తలుపు తోశారని చెబితే, అది తలుపుకు వచ్చిన ప్రమాదమనీ, తలుపులకు తుపాకీ ఇచ్చే నిబంధన లేదనీ వివరించాడు. కొట్టాయన బేరం తెలిసిన మనిషి. చిన్న తాళం కొనడానికి వచ్చినవాడికి పెద్ద తాళం అంటగట్టేటప్పుడు ఏమేం చెబుతాడో, అవన్నీ అదే వరసలో చెప్పుకొచ్చాడు. అంతా విని అధికారి సంతకం పెట్టి, తమ ఇంటి గుమ్మానికి ఏ తాళమైతే బాగుంటుందని గొంతు తగ్గించి అడిగాడు.

తుపాకీ వచ్చింది. దాని వెనకే నిబంధనలొచ్చాయి. తుపాకీ కిటికీ లేని గదిలో, గోడకు బిగించిన ఇనప్పెట్టెలో, రెండు తాళాల కింద ఉండాలి. ఒక తాళంచెవి యజమాని దగ్గర, రెండోది స్టేషన్‌లో. ప్రమాదం వచ్చేటట్టుంటే ఒక పనిదినం ముందు తెలియజేస్తే రెండోది పంపిస్తారు. ఆ ఇంట్లో కిటికీ లేని గది ఒక్కటే, ఆమె కునుకు తీసే చల్లటి గది. కాబట్టి ఆమె చాప పెరటి తలుపు దగ్గరికి, కుట్టుమిషన్ పక్కకు చేరింది.

"అది గదిలో, నేను గుమ్మంలో. ఎవరికెవరు కాపలా అండీ?" అని అడిగింది. ఆయన కొట్టుకు వేళైందన్నాడు.

తనిఖీ అధికారి వచ్చి ఇల్లంతా తిరిగి మొహం చిట్లించాడు. తలుపులు తోసేవాళ్లు ఈ సందులో తిరుగుతున్నారని దరఖాస్తులో మీరే రాశారు కదా, ఇలాంటి చోట తుపాకీని ఒంటరిగా ఎలా వదిలారని చీవాట్లు పెట్టాడు. మర్నాడే ఒక కానిస్టేబుల్ దిగి, గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పూటపూటా టీ ఇచ్చి, తమ్ముడూ అని వరస కలిపింది. ఆదివారం భోజనాలయ్యాక మొగుడూ పెళ్లాలిద్దరూ నిశ్చింతగా నడుం వాల్చారు.

అప్పుడే వాడు వచ్చాడు. తలుపు తోసి లోపల కాలు పెట్టి, ఖాకీ చూసి కొయ్యబారిపోయాడు. కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు.

"తుపాకీ కోసం వచ్చావా?"

"లేదు సార్."

"అయితే ఇటు రాకు," అని కూర్చున్నాడు.

దొంగ తేరుకుని కుట్టుమిషన్ ఎత్తుకున్నాడు. ఆ చప్పుడుకు ఆమెకు మెలకువ వచ్చింది. "తమ్ముడూ, అడుగో, మిషన్ పట్టుకుపోతున్నాడు!"

"కనిపిస్తోందక్కా. నేను కుర్చీ వదిలితే ఉద్యోగం వదిలినట్టే. మిషన్‌కి లైసెన్సు గానీ ఉందా?"

ఆయన తన తాళంచెవి పట్టుకుని గదివైపు దూకాడు. కానిస్టేబుల్ మర్యాదగానే అడ్డం లేచాడు. "రెండో తాళంచెవి కోసం నిన్న తెలియజేశారా బావగారూ?"

మిషన్ తలుపులో ఇరుక్కుని దొంగ కాసేపు అవస్థపడ్డాడు. (ఆ పెనుగులాటలో గోడ పెచ్చు ఊడింది. గోడకూ లైసెన్సు లేదు.) ఆ రోజు నివేదికలో "ఆయుధం క్షేమం, విశేషాలు లేవు" అని రాశారు. ఆయుధ భద్రతలో ఆదర్శ గృహమని ఆ ఇంటికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఆమె అన్నయ్య ఇంటికని సంచి సర్దుకుంది. ఒక్క రోజు ఆగమని ఆయన బతిమాలాడు. సరుకు మీద నష్టం వస్తే ఏడవడం కాదు, దాన్ని ఇంకో సరుకుతో కలిపి అమ్మాలని ఆయనకు తెలుసు. లైసెన్సు కాగితాలు ముందేసుకుని చదివాడు. తుపాకీకీ, దాని అనుబంధ పరికరాలకూ పూర్తి రక్షణ అని ఒకచోట ఉంది. పరికరాల జాబితా ఖాళీగా ఉంది. కవరు, తుడిచే కడ్డీ అని రాసి, వాటి కింద యజమాని, యజమాని భార్య అని చేర్చి ఆయుధాల విభాగానికి పట్టుకెళ్లాడు.

అధికారి కళ్లజోడు సవరించుకుని చదివాడు. "యజమాని సరే. ఆవిడ ఉపయోగం ఏమిటి?"

"ఆవిడ లేకపోతే నేను పనిచెయ్యను సార్."

సమాధానం సాంకేతికంగా సరిపోయింది. ముద్ర పడింది.

మిషన్ దొరకలేదు, దొరుకుతుందని ఎవరూ అనలేదు. చాప మాత్రం తిరిగి చల్లటి గదికి వెళ్లింది. ఇనప్పెట్టె పక్కన ఇద్దరూ మధ్యాహ్నం హాయిగా నిద్రపోతున్నారు. బయట తమ్ముడు కుర్చీలోంచి కదలడు. ఆమె అన్నయ్యను చూడాలనుకుంటే ఆయనే ఇక్కడికి రావాలి. పరికరాలను తుపాకీ నుంచి వేరుచేసి బయటికి పంపడం నేరం.

మొన్న వార్షిక తనిఖీలో అధికారి వేలు పెట్టి లెక్క చూసి రాసుకున్నాడు. తుపాకీ ఒకటి, కవరు ఒకటి, కడ్డీ ఒకటి, యజమాని ఒకటి, భార్య ఒకటి. తుప్పు లేదు, అన్నీ పనిచేస్తున్నాయి. ఇంట్లో పౌరులు: ఎవరూ లేరు.