లేజరు గదిలో రాజీ

ఆ ఉదయం కోడలు పెందలాడే లేచింది. లేజరు వెలుగుతో ఒక స్ఫటికం స్వభావాన్ని మార్చడం ఆమె పని. కరెంటును పోనివ్వని ఆ నల్లటి పలుకు, వెలుగు తగిలిన రెప్పపాటు లోహంలా మారి, కరెంటును పోనిస్తుంది. మరుక్షణమే మళ్ళీ మొండికేస్తుంది. ఆ మార్పును నిలబెట్టాలని ఆమె తాపత్రయం. మధ్యాహ్నానికల్లా ప్రయోగం ముగించి, దూరాన వంతెన కట్టిస్తున్న భర్త దగ్గరికి చెప్పకుండా బస్సెక్కాలనుకుంది. పెళ్ళైన కొత్తలో వెళ్ళినవాడికి మళ్ళీ సెలవు దొరకలేదు. ఫోన్ చేస్తే అతని గొంతు కంటే కాంక్రీటు మిక్సరు మోతే ఎక్కువ వినిపించేది. అయినా ఆమెకు పెట్టేయబుద్ధి అయ్యేది కాదు.

తల దువ్వుకుంటూ, తోటి శాస్త్రవేత్తతో ఫోన్లో అంది: "ఎంత చేసినా మారట్లేదే! కాసేపు దారికొచ్చినట్టే వచ్చి మళ్ళీ మొదటికే. ఇవాళ తేల్చేస్తా. కుదరకపోతే వదిలేసి ఇంకోటి చూసుకుంటా."

గుమ్మంలో ఉన్న అత్తగారి చెవిన ఆ మాటలు పడ్డాయి. ఇంకోటి అంటే ఇంకో సంబంధమే! వెంటనే కొడుక్కి ఫోన్ చేశారు. "ఒరేయ్, నీ పెళ్ళాం నిన్ను వదిలేస్తోందిరా!"

అతను పై అధికారి దగ్గరికి పరిగెత్తాడు. "సార్, కూలిపోతోంది సార్!"

మిక్సరు మోతలో ఆయనకు అంతే వినిపించింది. ఈల వేసి కూలీలందర్నీ వంతెన దింపేశాడు.

"వంతెన కాదు సార్, కాపురం!"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా! వెళ్ళు. రాజీ చేసుకునే రా."

ఇక్కడ ప్రయోగశాలలో స్ఫటికం మొండికేసి, కోడలి బస్సు తప్పిపోయింది. సాయంత్రం, ఏడుపు దిగమింగుకుంటూ చివరిసారిగా లేజరు వేసింది. తెరమీద కరెంటును చూపే గీత లేచింది. ఈసారి నిలిచేలాగే ఉంది. అంతలో తలుపు భళ్ళున తెరుచుకుంది. బల్ల అదిరింది, గీత పడిపోయింది.

"నన్ను వదిలేయకు! నేను మారతాను!" గుమ్మంలో భర్త, అతని వెనకే అత్తగారు.

ఆమె గబుక్కున లేజరు ఆపేసింది. "మారాల్సింది మీరు కాదండీ, స్ఫటికం!"

"రాయి గురించా తల్లీ!" అత్తగారు అక్కడే కూలబడ్డారు.

రోజంతా పడిన కష్టం పాడైనందుకు ఆమె నాలుగు దులిపేదే. కానీ అతని కనుబొమల మీద సిమెంటు దుమ్ము చూసి, దాన్ని వేలితో తుడిచింది. "చిక్కిపోయారు," అని మాత్రం అంది.

అప్పుడే పై అధికారి ఫోన్. "ఏమయ్యా, రాజీ కుదిరిందా?"

అతను భార్య వంక చూశాడు. ఆమె అడ్డంగా తలూపింది.

"లేదు సార్. చాలా కోపంగా ఉంది. వారం పట్టేలా ఉంది."

అత్తగారు ఫోనుకు వినబడేలా ఏడుపందుకున్నారు.