దీపిక వాక్కు

రోజూ పొద్దున్న ఆరింటికి దీపిక అమలుచేసే పథకం చాలా చిన్నది. పూజగదిలో పీట మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సాయంత్రం టీవీలో రాబోయే సీరియల్‌ను ఫోన్లో ముందే చూసేయాలి. ఆ ఏడాది, అంటే రెండువేల పంతొమ్మిదిలో, ఫోన్లకు ఆ వైభోగం కొత్తగా వచ్చింది. అత్తగారు ఈశ్వరికి మాత్రం లలితా సహస్రనామం వింటున్నానని చెప్పింది. చీపురుపల్లిలో మిరపకాయల టోకు వ్యాపారం చేసే ఆ ఇంట్లో, పూజలో ఉన్న కోడలిని ఎవరూ పనికి పిలవరు.

అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. రెండు నెలల కిందట సీరియల్లో కోడలి కష్టాలు తలచుకుని అత్తగారు కళ్లొత్తుకుంటుంటే చూడలేక, "బెంగెట్టుకోకండి అత్తా, ఈయేళ దాని నగలు దొరికీస్తాయి" అని నోరు జారింది. దొరికాయి. మర్నాడు మొగుడు ఇల్లు చేరతాడంది. చేరాడు. ఇదంతా సహస్రనామ మహిమేనని ఈశ్వరి వీధంతా చాటింది. ఎదురింటావిడ తప్పిపోయిన ఆవు గురించి అడగడానికి వచ్చింది. అదే వస్తుందిలెమ్మని దీపిక తప్పించుకుంటే, ఆ ఆవు తనంతట తనే తిరిగొచ్చి దీపికను మరింత ఇరికించింది.

ఆ శుక్రవారం వ్యవహారం ఆవుతో పోయేది కాదు. మామగారి అక్క నారాయణమ్మ కొత్తవలస నుంచి తొలి రైలుకే పళ్ళెం నిండా తాంబూలం సామానుతో దిగింది. మేనకోడలు, అంటే దీపిక ఆడపడుచు అనూరాధను తన కొడుకు జగన్నాధానికి ఖాయం చేసుకుని గానీ కదలనంది. అనూరాధ మనసేమో శృంగవరపుకోటలో మందుల షాపు పెట్టుకున్న మురళీమోహన్ మీద ఉంది. ఆ ఇంట్లో నారాయణమ్మకు ఎదురుచెప్పిన మనిషి ఇంతవరకూ లేడు.

"మా కోడలి వాక్కు కోట సంబంధమే అంటన్నాది వదినా," అంది ఈశ్వరి.

దీపిక అత్తగారి వైపు తిరిగింది. తనెప్పుడూ ఆ మాట అనలేదు.

"అలాగేటి? అయితే ఈయేళ సీరియల్లో ఏటవుతాదో సెప్పమను. నిజమైతే నా పళ్ళెం నేనట్టుకుపోతాను. తప్పితే ఎనిమిదింటికి తాంబూలాలు," అంది నారాయణమ్మ.

దీపిక పూజగదిలోకి పరుగెత్తింది. ఫోన్లో నిన్నటి ఎపిసోడే ఉంది, కొత్తది లేదు. ఫోన్ ఆపి మళ్లీ వేసింది. సిగ్నల్ కోసం కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టింది. లాభం లేకపోయింది. గుమ్మంలో అనూరాధ కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉంది.

"వదినా, ఏదో ఒకటి సెప్పీ. నీకు దండం పెడతాను."

ఏదో ఒకటి చెప్పి అది తప్పితే ఈ పిల్ల బతుకేం కాను? దీపిక ఫోన్ పీట మీద పెట్టేసింది. హాల్లోకి వచ్చి, తలొంచుకుని, రెండు నెలల్లో మొదటిసారి నిజం చెప్పింది.

"ఈయేళ నాకేటీ కనిపించట్లేదు పెద్దత్తా."

"సూసారా, సరుకైపోయింది!" అని నారాయణమ్మ నవ్వి, తమలపాకులు తడిగుడ్డలో చుట్టించింది.

ఏడింటికే వీధి ఆడవాళ్లంతా టీవీ ముందు చేరారు. పగలంతా దీపిక మెతుకు ముట్టలేదు. సీరియల్‌కు ఇంకో నిమిషం ఉందనగా ఇక ఒప్పేసుకుందామని, "అత్తా, నేనొక తప్పు..." అని మొదలుపెట్టింది.

ఈశ్వరి ఆమె మణికట్టు గట్టిగా నొక్కింది. "నోరు మూసుకుని టీవీ సూడు."

ఏడున్నరయింది. సీరియల్ పాట రాలేదు. రంగురంగుల లైట్ల మధ్య ఎవరో గంతులేస్తూ వచ్చారు. కింద అక్షరాలు పరుగెత్తాయి. అవార్డుల ఉత్సవం ప్రసారమవుతున్నందున ఈరోజు సీరియల్ ఉండదట.



"ఏటీ లేదని తల్లి పొద్దుటే సెప్పీసింది!" అని ఎదురింటావిడ లెంపలేసుకుంది. నారాయణమ్మ ముఖం పాలిపోయింది. పళ్ళెం పట్టుకుని లేచి, అందులోని కొబ్బరికాయ తీసి దీపిక చేతిలో పెట్టింది. "మా జగన్నాధానికి సంబంధం ఎక్కడ రాసుందో తీరుబడిగా సూసి సెప్పమ్మా."

అందరూ వెళ్లాక వంటింట్లో దీపిక ఏడుస్తూ అత్తగారి కాళ్ల మీద పడబోయింది. "ఆ సహస్రనామం అబద్ధం అత్తా."

"ఎరుగుదును. నీ రెండో వాక్కుకే నాకు అనుమానమొచ్చింది," అంది ఈశ్వరి, రొండిలోంచి తన ఫోన్ తీసి ఛార్జింగుకు పెడుతూ. "మా వదిన నా మాట ఇనదు, అమ్మోరి మాటైతే ఇంటాది. పిల్ల కోసం నిన్ను అమ్మోరిని సేసాను. పొద్దున్న నా ఫోన్లోనూ కొత్తది రాలేదే, పైప్రాణాలు పైనే పోయాయి!"

మర్నాటి నుంచి పూజగదిలో రెండు పీటలు వేశారు.