ఏడాది పొడుగునా స్నానం

ప్రజాప్రతినిధి కాగోరువాడు ప్రజల మధ్యనే నివసించాలి! వాళ్ళ గాలే పీల్చాలి, వాళ్ళ నీళ్ళే తాగాలి, వాళ్ళను కుట్టే దోమల చేతే కుట్టించుకోవాలి!

ఈ కథ జరిగిన రాష్ట్రం చట్టంలో ఇంత అందంగా రాయలేదు గానీ భావం మాత్రం ఇదే. శాసనసభకు నిలబడే మనిషికి పాతికేళ్ళు నిండాలి, మతి స్థిమితంగా ఉండాలి, జైల్లో ఉండకూడదు, నామినేషన్ నాటికి ఏడాది ముందు నుంచీ ఆ నియోజకవర్గంలోనే కాపురం ఉండాలి. ఈసారి నిలబడదలచిన బిల్డరుగారికి మొదటి మూడు అర్హతలకూ లోటు లేదు. వయసు యాభై ఆరు. మతి బాగానే ఉందని డాక్టరు రాసిచ్చాడు. కేసు ఇంకా కోర్టులోనే ఉంది కనుక ఆయన బయటే ఉన్నారు. చిక్కంతా నాలుగోదానితోనే వచ్చింది.

ఆయన బంగళా కొండ మీద ఉంది. నియోజకవర్గం కొండ కింది రోడ్డు దగ్గరే ఆగిపోయింది! "సగం ఊరు నేను కట్టాను, నా ఇల్లు ఊళ్ళో లేదంటారా?" అని ఆయన మ్యాపు మీద కోప్పడ్డారు. మ్యాపు జరగలేదు. అందుకని ఎన్నికలకు పదమూడు నెలల ముందు ఆయన గుమాస్తా కొండ దిగి వచ్చి దర్జీ ఇంటి ముందు ఆగాడు.

దర్జీ పదేళ్ళుగా బిల్డరుగారి చొక్కాలు కుడుతున్నాడు. ఆయన నడుము ఏడాదికి ఎంత పెరుగుతోందో కట్టుకున్న భార్యకంటే అతనికే బాగా తెలుసు. శుక్రవారం ఇస్తానన్న బట్టలు శుక్రవారమే ఇచ్చే దర్జీ లోకంలో ఎవరైనా ఉంటే అది ఇతనే. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. ఆ భయంతోనే పాపం నిజాయితీగా బతికేస్తున్నాడు.

"మీ ముందుగది కావాలయ్యా. సారు ఇందులో ఉంటారు," అన్నాడు గుమాస్తా.

"ఇందులోనా! మిషన్ ఉందండీ."

"ఉండనీ. దాని మానాన అది కుట్టుకుంటుంది. సారు ఉంటారంటే నిజంగా ఉంటారనా? ఉంటున్నారని మనం అంటాం, అంతే. అద్దె కూడా ఇస్తాం."

లోపల్నుంచి దర్జీ భార్య చంకన ఖాళీ బిందెతో బయటికొచ్చింది. ఆ వీధిలో కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. వచ్చినా చిటికెన వేలంత ధార, ముప్పావు గంట. మిగతా రోజుల్లో అరమైలు నడిచి మిల్లు దగ్గర పట్టుకోవాలి. నడుం విరిగిపోతోందమ్మా అంటే, బరువులెత్తకు అని డాక్టరు సలహా చెప్పాడు. బిందె ఎవరెత్తాలో మాత్రం చెప్పలేదు.

"అద్దె వద్దు బాబూ," అంది ఆమె. "సారు గెలిస్తే మా వీధికి రోజూ నీళ్ళు రావాలి. ఆ మాట ఆయన నోటితోనే అనిపించండి."

ఆ సాయంత్రమే బిల్డరుగారు స్వయంగా వచ్చారు. ఆ ఇంట్లో ఆయన అడుగు పెట్టడం అదే మొదలు, అదే ఆఖరు. "గెలిచిన మర్నాడే మీ వీధికి వరదేనమ్మా!" అని, ఇచ్చిన గ్లాసెడు నీళ్ళలో సగం తాగి, సగం వదిలి వెళ్ళిపోయారు. ఆ సగాన్ని ఆమె జాగ్రత్తగా గిన్నెలు తోమే నీళ్ళలో కలుపుకుంది.

మర్నాడు కాపురం దిగింది. అంటే గోడకు ఇత్తడి బోర్డు, గుమ్మంలో ఒక జత చెప్పులు, గూట్లో ఒక బ్రష్షు, దండెం మీద ఒక తెల్ల తువ్వాలు. మనిషి తప్ప మనిషికి కావలసినవన్నీ వచ్చాయి!

బోర్డు చూసి ఆ వారంలోనే జనం రావడం మొదలుపెట్టారు. మొదట వచ్చింది మూలింటి పిన్ని. వీధిలో అందరికీ ఆవిడ పిన్నే.

"అబ్బాయ్, బిల్డరుగారున్నారా? పింఛను కాగితం మీద సంతకం కావాలి."

దర్జీ చెవులు వెచ్చబడ్డాయి. ఎటు చూడాలో తోచక దండెం వైపు చూశాడు. తువ్వాలు కనబడింది.

"స్నానం చేస్తున్నారు పిన్నీ."

అంతే. అబద్ధం ఒక్కటే అయినా వాటం కుదిరింది. స్నానం చేసే మనిషిని ఎవరూ బయటికి పిలవరు, లోపలికెళ్ళి చూడరు! ఆ తర్వాత ఎవరు ఏ వేళకొచ్చినా దర్జీ మిషన్ మీంచి తల ఎత్తకుండా అదే మాట అప్పజెప్పాడు. పొద్దున వచ్చినవాళ్ళకు పొద్దుటి స్నానం, మధ్యాహ్నం వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం స్నానం, సాయంత్రం వచ్చినవాళ్ళకు సాయంత్రం స్నానం. సాక్ష్యం ఉండాలని అతని భార్య రోజూ ఒక చెంబెడు నీళ్ళు పోసి తువ్వాలు తడిపి ఆరేసేది. అరమైలు మోసి తెచ్చిన నీళ్ళు! తడిపినప్పుడల్లా ఆమె ఆ తువ్వాలును తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు.

"పొద్దస్తమానం స్నానమేనా!" అంది పిన్ని ఆరునెలల తర్వాత. "ఆయన మనిషా, గేదా?"

"శుభ్రమైన నాయకుడు పిన్నీ," అన్నాడు దర్జీ, ఎర్రటి చెవులతో.

ఏడాది గడిచింది. నామినేషన్ పడింది. ఎదుటి అభ్యర్థి ప్లీడరు ఊరుకుంటాడా? "వీరు సదరు ఇంట్లో ఒక్కరోజు కూడా నివసించలేదు" అని అభ్యంతరం పెట్టాడు. దాంతో ఎన్నికల అధికారి ఫైలు చంకన పెట్టుకుని విచారణకు దిగాడు. వీధి వీధంతా దర్జీ ముందుగదికి వచ్చి నిలబడింది. అధికారి చెప్పుల్ని చూశాడు, రాసుకున్నాడు. బ్రష్షును చూశాడు, రాసుకున్నాడు. తువ్వాలును పిండి చూశాడు.

"తడిగానే ఉంది," అని రాసుకున్నాడు.

"ఆయన్ని మీరెప్పుడైనా చూశారా అమ్మా?" అని పిన్నిని అడిగాడు.

"చూళ్ళేదు నాయనా. స్నానం చేస్తున్నారని మాత్రం రోజూ మూడు పూటలా విన్నాను."

ప్లీడరు ఎగిరి గంతేశాడు. "విన్నారా సార్! రోజుకు మూడు స్నానాలట! ఈ వీధికి నాలుగు రోజులకోసారి గానీ నీళ్ళు రావు. తాగడానికే లేని చోట ఈయన ఏడాది పాటు దేంతో స్నానం చేశారో చెప్పమనండి!"

అందరూ దర్జీ వైపు తిరిగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆ వీధిలో నుయ్యి ఉన్నా ఎంతో బాగుండేది! నీళ్ళు రావంటే బిల్డరుగారి కాపురం గోవిందా. కాపురం పోతే నామినేషన్ పోతుంది, నామినేషన్ పోతే రాబోయే వరద పోతుంది. వస్తాయంటే... దర్జీ భార్య వైపు చూశాడు. ఆమె ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రెండో చేత్తో బిందె పట్టుకుని నిలబడి ఉంది.

"నీళ్ళకేం తక్కువండీ," అన్నాడు. "రోజంతా వస్తూనే ఉంటాయి."

"అవునవును," అంది అతని భార్య, బిందె వెనక్కి దాచుకుంటూ. "కట్టేద్దామన్నా ఆగవు."

వీధిలో అందరికీ ఆ వరద మీదే ఆశ. పిన్నితో సహా అందరూ తలూపారు.

"కుళాయి తిప్పి చూడండి సార్!" అని ప్లీడరు మొత్తుకున్నాడు.

"కుళాయి తిప్పడం నీళ్ళ శాఖ పరిధిలోది," అన్నాడు అధికారి గంభీరంగా. "నేను వాంగ్మూలం వరకే." ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం ఆయన. 'సదరు వీధి యందు నీరు రేయింబవళ్ళు పుష్కలముగా లభ్యమగుచున్నది' అని రాసి, వీధిలో ఇరవై ముగ్గురి చేత సంతకాలు పెట్టించుకున్నాడు. మొదటి సంతకం దర్జీది.

అభ్యంతరం కొట్టేశారు. బిల్డరుగారు గెలిచారు. మర్నాడే గుమాస్తా వచ్చి బోర్డు, చెప్పులు, బ్రష్షు పట్టుకెళ్ళాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం గానీ, తువ్వాలు కూడా మర్చిపోకుండా పట్టుకెళ్ళినవాళ్ళను చూడలేదు!

వరద రాలేదు. నెల చూసి, రెండు నెలలు చూసి, దర్జీ దంపతులు నీళ్ళ ఆఫీసుకెళ్ళి అర్జీ ఇచ్చారు. ఇంజనీరు ఫైలు తెరిచి, వాళ్ళ వంక ఒకసారి, కాగితం వంక ఒకసారి చూశాడు.

"మీ వీధిలో నీళ్ళు పుష్కలం అని ఉందే! సాక్షాత్తూ ఎన్నికల అధికారి రికార్డు. ఇదిగో, ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండీ," అన్నాడు దర్జీ. ఈసారి చెవులు అబద్ధానికి కాదు, సిగ్గుకు ఎర్రబడ్డాయి.

"అది నిజం కాదు బాబూ!" అంది భార్య.

"అంటే ఎమ్మెల్యేగారు మీ ఇంట్లో ఉండడం కూడా నిజం కాదంటారా? దొంగ సాక్ష్యానికి మీ ఇరవై ముగ్గురికీ జైలే!"

దర్జీ అర్జీ వెనక్కి తీసుకున్నాడు. ఇంజనీరు మెత్తబడి, అసలు సంగతి దయగా చెప్పాడు. ఒక మనిషి రోజుకు మూడు స్నానాలు చేసినా నీళ్ళు మిగిలే వీధిని వాళ్ళ శాఖ ఎన్నడూ చూడలేదట. అందుకని ఆ వీధి 'మిగులు' నీళ్ళను కొండ మీదికి మళ్ళించారట. ఇకనుంచి కుళాయి ఆరు రోజులకోసారి.

మర్నాడు పొద్దున్నే వీధి వీధంతా ఖాళీ బిందెలతో కొండెక్కింది. బంగళా గేటు దగ్గర గుమాస్తా అడ్డం నిలబడ్డాడు. దర్జీ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"సారును ఒక్కసారి చూడాలండీ. నీళ్ళ సంగతి."

"ఇప్పుడు కుదరదయ్యా," అన్నాడు గుమాస్తా. "సారు స్నానం చేస్తున్నారు."

దర్జీ గుమాస్తా చెవుల వంక చూశాడు. అవి ఎర్రబడలేదు. ఇంతలో గోడ అవతల దబ్బున ఎవరో నీళ్ళలోకి దూకిన చప్పుడైంది. ఆ వెనకే బిల్డరుగారి కూనిరాగం, గలగలా నీళ్ళ శబ్దం, ఆగకుండా, ధారాళంగా. వీధి జనమంతా బిందెలు పట్టుకుని ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. పిన్ని అయితే కళ్ళు మూసుకుని మరీ విన్నది.

దర్జీ భార్య బిందె మళ్ళీ చంకనెత్తుకుంది.

"పదయ్యా, పోదాం," అంది. "వీళ్ళు మనలాంటివాళ్ళు కాదు. నిజమే చెప్తున్నారు."