నూరు సీసాల సమానత్వం

ఇకపై రోగుల రక్తనాళాల్లో కూడా సామాజిక న్యాయమే ప్రవహిస్తుందని ఆరోగ్యమంత్రిగారు మా ఆయన ల్యాబు గుమ్మంలో నిలబడి ప్రకటించారు. అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను. పెళ్లయి డెబ్భై రోజులే అయింది. మా ఆయన పనిచేసేచోట ఫ్యాను తిరిగినా నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

ఆయన నల్లద్రాక్ష తొక్కల నుంచి యాంటీఆక్సిడెంట్ సారం తీస్తారు. ఆయన చేతుల మరకలంటి మా దిండు గలీబులన్నీ ఊదారంగే. యాంటీవైరల్ మాత్రలు ఏళ్ల తరబడి మింగితే రక్తనాళాలు దెబ్బతింటాయట. ఈ సారం ఎలుకల్లో వాటిని కాపాడింది. ఇక మనుషుల్లో చూడాలి. ఎనిమిదేళ్లుగా ఆ మాత్రల మీదే బతుకుతున్న మా పిన్ని, నాలుగడుగులకే ఆయాసపడుతూ వచ్చి బయట హాల్లో పరీక్షకు వచ్చిన రోగుల వరుసలో మొదటి కుర్చీలో కూర్చుంది.

లోపలి గదిలో మా ఆయన మంత్రిగారికి వివరించారు. "నూరు మంది రోగులండి. చీటీలు తీసి యాభై మందికి సారం, యాభై మందికి ఉత్త గంజిపొడి ఇస్తాం. ఎవరికేదో చెప్పం. ఆర్నెల్లకి తేడా చూస్తాం."

మంత్రిగారు గుండె పట్టుకున్నారు. "నా హయాంలో తేడానా?"

"అది పరీక్ష పద్ధతండి."

"గంజిపొడి మింగినవాడు ఓటెవరికేస్తాడయ్యా? అందరికీ అసలుదే ఇవ్వండి!"

"యాభై మందికే ఉందండి. అది తీయడానికే ఏడాది పట్టింది."

"మరి నూరు మందికీ సరిపడా ఏముంది?"

మా ఆయనకు అబద్ధమాడటం రాదు. అందుకే నాకాయనంటే అంత ఇష్టం.

"గంజిపొడండి."

"ఖాయం చేసేయండి!"

పీఏగారు అప్పటికే ఆర్డరు రాసేశారు. అసమానతకు కారణమైన యాభై సీసాలను బీరువాలో పెట్టి సీలు కూడా వేశారు.

"అప్పుడిక పరీక్షే ఉండదండి!" అన్నారు మా ఆయన.

"పరీక్ష పెడితే ఫెయిలయ్యేవాళ్లు కూడా ఉంటారు. ఆ పాపం మనకెందుకు? అన్నట్టు, ఎవరికేదో చెప్పకూడదన్నారే, ఆ పద్ధతి మాత్రం తు.చ. తప్పకుండా పాటించండి."

మధ్యాహ్నానికల్లా మంత్రిగారి ఫొటో అంటించిన నూరు సీసాలు పంచేశారు. సాయంత్రానికి ఫలితాలు కూడా వచ్చేశాయి: ఏ ఇద్దరు రోగుల మధ్యా తేడా లేదు!

పిన్ని సీసాను రెండు చేతులా పట్టుకుంది. "అల్లుడూ, నాకేది వచ్చింది?"

మా ఆయన నేలచూపులు చూశారు. "అందరికీ వచ్చిందే, అత్తయ్యా."

"హమ్మయ్య! సగం మందికి ఉత్తదేనంటే హడలిపోయాను," అంటూ పిన్ని సీసాలోంచి ఒక గుళిక తీసి నోట్లో వేసుకుని మంచినీళ్లు తాగింది. "ఆ మంత్రిగారు నా ఆయుష్షు కూడా పోసుకుని బతకాలి!"